సముద్రం ఒరగదు

కావలిలో మా చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, గృహప్రవేశానికి నేను ఇచ్చిన కానుక మైపాడు తీరంలో తీసిన ఒక సూర్యోదయపు ఫోటో. దాన్ని 36 అంగుళాల వెడల్పున ప్రింటు వేయించి, టేకు చట్రం కట్టించి, హాలు గోడకు నేనే మేకు కొట్టి తగిలించి వచ్చాను. రెండు నెలల తరువాత వెళ్లినప్పుడు చెల్లెలి అత్తగారు, "ఆ మేకులో ఏదో లోపముందయ్యా, పటం నిలవడం లేదు, పొద్దున సరిచేస్తే సాయంత్రానికి మళ్లీ ఒరిగి ఉంటోంది" అన్నారు. మేకు గట్టిగానే ఉంది. విషయం ఏమిటంటే, ఆమె పొద్దున కాఫీ తాగుతూ ఆ పటాన్ని చూసి సముద్రాన్ని మట్టం చేసేవారు. సాయంత్రం ఇల్లు ఊడ్చేటప్పుడు మా చెల్లెలు చట్రాన్ని మట్టం చేసేది. ఇద్దరూ చేసినది సరైనదే. తప్పు నా ఫోటోలో ఉంది. ఇంటికి వచ్చి కంప్యూటర్లో కొలిచి చూస్తే ఒకటిన్నర డిగ్రీ వాలు కనిపించింది. 36 అంగుళాల ప్రింటులో ఒక చివరి నుంచి రెండో చివరికి వెళ్లేసరికి అది దాదాపు ఒక అంగుళం తేడా అవుతుంది.

ఆ రోజు నుంచి క్షితిజ రేఖ గురించి, అంటే దూరాన నీరు ఆకాశాన్ని తాకినట్టు కనిపించే గీత గురించి, నేను పట్టించుకున్నంతగా ఫోటోగ్రఫీలో మరి దేని గురించీ పట్టించుకోలేదని చెప్పగలను. ఇది చాలామంది చిన్న విషయంగా భావించి, తరువాత సరిచేసుకోవచ్చులే అని వదిలేసే సంగతి. కానీ మన తూర్పు తీరంలో తెల్లవారుజామున సముద్రానికి ఎదురుగా నిలబడి ఫోటోలు తీసేవారికి ఇది ప్రతి ఫ్రేములోనూ ఎదురయ్యే సంగతి కాబట్టి, నాకు అనుభవంలో తెలిసినది వివరంగా రాయాలనిపించింది.

ముందుగా, కళ్లెదురుగా ఉన్న దృశ్యంలో నిజంగా మట్టంగా ఉన్న గీత ఏది అన్న ప్రశ్న వేసుకోవాలి. మా నాయన వరి పండించేవారు. దమ్ము చేసి పలక తోలించిన తరువాత మడిలో పలచగా నీరు పెట్టి గట్టు మీద నిలబడి చూసేవారు. ఎక్కడ మట్టి నీటి పైకి తేలిందో, ఎక్కడ నీరు లోతుగా నిలిచిందో చూస్తే మడి మట్టం ఎంత కుదిరిందో తెలిసిపోయేది. నీరు పల్లమెరుగు అన్న మాటను నేను ఆ గట్టు మీదే నేర్చుకున్నాను. నిలిచిన నీటి ఉపరితలం ఎప్పుడూ మట్టమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ నీటి అంచు ఫోటోలో అడ్డంగా, మట్టంగా కనిపించాలన్న నియమం మాత్రం లేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

సముద్రపు క్షితిజ రేఖ విషయంలో ఈ చిక్కు లేదు. ఒడ్డున నిలబడినప్పుడు మన కన్ను నీటి మట్టానికి 1.6 మీటర్ల ఎత్తున ఉంటే, నీరు ఆకాశాన్ని తాకినట్టు కనిపించే చోటు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఎత్తు 10 మీటర్లయితే ఆ దూరం 11 కిలోమీటర్లు దాటుతుంది. ఎడమవైపు చూసినా, కుడివైపు చూసినా, ఎదురుగా చూసినా ఆ దూరం ఒక్కటే కాబట్టి, ఆ గీత అన్ని దిక్కులా ఒకే మట్టంలో ఉంటుంది. కెమెరా మట్టంగా ఉంటే ఫోటోలోనూ ఆ గీత అడ్డంగానే పడాలి. పడకపోతే తప్పు కెమెరా పట్టుకున్న చేతిది. అందుకే సముద్రపు ఫోటోలో అర డిగ్రీ వాలు కూడా దాగదు. చూసేవారికి అది వాలు అని మాటల్లో చెప్పడం రాకపోవచ్చు, కానీ నీరంతా ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు ఏదో అసౌకర్యం కలుగుతుంది. చెల్లెలి అత్తగారి చేయి రోజూ ఆ పటం వైపు వెళ్లడానికి కారణం అదే.

ఇంత స్పష్టమైన గీత కళ్లముందే ఉన్నా చేయి ఎందుకు తప్పుతుంది? మైపాడులో నాకు తెలిసివచ్చిన కారణాలు మూడు. తీరం సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒడ్డు వెంబడి చూస్తూ నిలబడితే ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లంలో పడి, శరీరం ఆ వాలుకు అలవాటు పడిపోయి, కొంతసేపటికి ఆ వాలే మనకు మట్టంగా అనిపిస్తుంది. రెండవది అలల నురగ. వెనక్కి తీసే అల ఇసుక మీద వదిలే నురగ గీత ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది. ఫ్రేములో ముందువైపు పెద్దదిగా, తెల్లగా కనిపించే ఆ గీతనే కన్ను ఆధారంగా తీసుకుంటుంది, దూరాన సన్నగా ఉన్న అసలు గీతను పక్కన పెడుతుంది. మూడవది షట్టర్ బటన్. అది కెమెరా కుడివైపు పైన ఉంటుంది కనుక, వేలితో గట్టిగా నొక్కినప్పుడు కెమెరా కుడి భుజం కిందికి దిగుతుంది. ఫోటోలో దాని ఫలితం తలకిందులుగా, అంటే క్షితిజ రేఖ కుడి చివర పైకి లేచి, ఎడమ చివర కిందికి దిగినట్టు కనిపిస్తుంది. నా పాత ఫోటోలన్నీ ఒకసారి వరుసగా తెరిచి చూసుకుంటే, చేత్తో పట్టుకుని తీసినవాటిలో ఎక్కువ భాగం ఇదే వైపుకు ఒరిగి ఉన్నాయి. మీవి కూడా ఒకసారి చూసుకోండి. ఒకే వైపు వాలు పదేపదే కనిపిస్తే అది కంటి దోషం కాదు, వేలి అలవాటు. బటన్‌ను నొక్కడం కాకుండా, సగం దించి, ఊపిరి బిగబట్టి, మిగిలిన సగాన్ని నెమ్మదిగా దించడం అలవాటు చేసుకుంటే చాలావరకు పోతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు రెండు సెకన్ల టైమర్ పెట్టుకోవడం ఇంకా మేలు.

ఇక కెమెరాలోని ఎలక్ట్రానిక్ మట్టం. ఇప్పుడు చాలా కెమెరాల్లోనూ, ఫోన్లలోనూ ఇది వస్తోంది. తెర మీద ఒక గీత కనిపించి, మట్టం కుదిరినప్పుడు రంగు మారుతుంది. దీన్ని తప్పకుండా వాడాలన్నదే నా మాట, అయితే గుడ్డిగా నమ్మకూడదు. మా వీధిలో ఇల్లు కడుతున్నప్పుడు ఒక పెద్ద మేస్త్రీ కొత్తగా కొన్న రసమట్టాన్ని, అంటే గాజు గొట్టంలోని బుడగతో మట్టం చూపే పరికరాన్ని, పరీక్షించే విధానం చూశాను. దాన్ని గోడ మీద పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో గుర్తుపెట్టుకున్నారు. తరువాత అదే చోట దాన్ని చివర మార్చి, అంటే కుడి కొసను ఎడమకు తిప్పి పెట్టారు. బుడగ మళ్లీ అదే పక్కకు, అంతే దూరంలో నిలిస్తే వాలు గోడది. బుడగ రెండో పక్కకు మారితే దోషం మట్టానిది. పేరులో రసం ఉన్నా ఆ గాజు గొట్టంలో ఉండేది పాదరసం కాదు, రంగు కలిపిన ఆల్కహాలు. పేరు మాట ఎలా ఉన్నా, ఆ పరీక్ష మాత్రం బంగారం లాంటిది. కెమెరా మీద ఫ్లాష్ అమర్చే గాడిలోకి ఎక్కించే చిన్న బుడగ మట్టాన్ని నేను అలాగే పరీక్షించాను. ఎలక్ట్రానిక్ మట్టాన్ని పరీక్షించడానికి సముద్రమే ఉంది: లెన్స్‌ను సముద్రానికి ఎదురుగా పెట్టి, క్షితిజ రేఖను ఫ్రేము సరిగ్గా మధ్యలో ఉంచి, తెర మీది మట్టం కుదిరింది అన్నప్పుడు ఫోటో తీసి, తరువాత కంప్యూటర్లో కొలిస్తే దాని తప్పు ఎంతో తెలుస్తుంది. నా కెమెరా మట్టం మూడో వంతు డిగ్రీ ఎడమకు వాలుతుందని అలాగే తెలుసుకున్నాను. కొన్ని కెమెరాల మెనూలో దాన్ని సవరించే వీలుంది. నా దానిలో లేదు, కాబట్టి ఆ లెక్కను మనసులో పెట్టుకుని తీస్తాను.

పడవ మీద మాత్రం ఈ ఎలక్ట్రానిక్ మట్టం పనికిరాదు. అది భూమ్యాకర్షణ ఏ దిశలో లాగుతోందో చూసి మట్టం చెబుతుంది. పడవ ఊగుతూ, మలుపు తిరుగుతూ, వేగం పెంచుతూ ఉన్నప్పుడు ఆ కదలికల లాగుడుకూ ఆకర్షణకూ తేడా దానికి తెలియదు. పులికాట్ సరస్సులో తడ దగ్గర భీమునివారిపాలెం నుంచి పడవలో వెళ్లినప్పుడు తెర మీది గీత గిలగిలా కొట్టుకుంటూనే ఉంది. అక్కడ చేయవలసిందల్లా గ్రిడ్ గీతలను తెర మీదికి తెచ్చుకుని, దూరపు నీటి అంచును ఒక అడ్డగీత పక్కన సమాంతరంగా నిలిపి, సెకనులో వెయ్యో వంతు వంటి వేగంతో వరుసగా నాలుగైదు ఫ్రేములు తీసుకోవడమే. వాటిలో ఒకటి మట్టంగా దొరుకుతుంది.

ట్రైపాడ్ ఉంటే అన్నీ సరిపోతాయని అనుకునే రోజుల్లో నేను ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరంలో విశాల దృశ్యం కోసం ఏడు ఫ్రేములు పక్కపక్కనే తీశాను. మొదటి ఫ్రేములో క్షితిజ రేఖ నూలు పట్టినట్టు ఉంది. కెమెరాను తిప్పుతూ పోయే కొద్దీ అది కొద్దికొద్దిగా ఒరిగి, ఏడో ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి స్పష్టంగా వాలిపోయింది. నేను మట్టం చేసింది పైన ఉన్న కెమెరాను. కింద ట్రైపాడ్ పీఠం రెండు డిగ్రీలు ఒరిగే ఉంది. పీఠం ఒక దిక్కుకు రెండు డిగ్రీలు వాలి ఉన్నప్పుడు, ఆ దిక్కుకు ముఖం పెట్టి కెమెరాను సరిచేసి, తరువాత 90 డిగ్రీలు పక్కకు తిప్పితే ఆ రెండు డిగ్రీలూ క్షితిజ రేఖలో ప్రత్యక్షమవుతాయి. కాబట్టి తిప్పుతూ తీయవలసినప్పుడు ముందు కాళ్ల పొడవు సర్ది పీఠాన్ని మట్టం చేయాలి, ఆ తరువాతే కెమెరాను. తడి ఇసుకలో మరో ఇబ్బంది ఉంది. అల వచ్చి వెనక్కి పోయేటప్పుడు కాలి కింది ఇసుకను తోడుకుపోతుంది, సముద్రం వైపు ఉన్న కాలు దిగిపోతుంది. ట్రైపాడ్ కాళ్లను ముందే బలంగా నొక్కి దింపి, రెండు అలలు వచ్చి పోయేదాకా ఆగి, అప్పుడు మట్టం చూసుకోవాలి. ప్రతి పెద్ద అల తరువాత మళ్లీ చూసుకోవాలి. సూర్యబింబం నీటి మీదికి వచ్చే ఆ రెండు మూడు నిమిషాల్లో ఇది గుర్తుండడం కష్టం. అందుకే నేను వెలుతురు రాకముందే వెళ్లి ఈ పనంతా ముగించుకుంటాను.

కొన్ని ఉదయాలలో, ముఖ్యంగా చలికాలంలో, మంచు పట్టి సముద్రం ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. అప్పుడు నాకు ఎక్కువగా ఉపయోగపడినది నీటి మీది ఎండ దారి. సూర్యుడు కొద్దిగా పైకి వచ్చినప్పుడు ఆయన కింద నుంచి మన కాళ్ల దాకా మెరుస్తూ పరుచుకునే ఆ దారి, సూర్యుడికీ కెమెరాకూ మధ్య నిట్టనిలువుగా నిలిపిన ఒక తెరలో ఉంటుంది. కెమెరా పక్కకు ఒరగకుండా ఉంటే, సూర్యుడు ఫ్రేము మధ్యలో ఉన్నప్పుడు ఆ దారి ఫోటోలో నిలువుగా పడుతుంది. పక్కకు వంగి కనిపిస్తే కెమెరా ఒరిగిందన్నమాట. కృష్ణపట్నం రేవు బయట లంగరు వేసి ఉన్న ఓడలు మంచులో లీలగా కనిపించినప్పుడు వాటి పైకప్పు గీతను కూడా ఆధారం చేసుకున్నాను కానీ, అవి ఫ్రేములో మరీ చిన్నవిగా పడతాయి కాబట్టి అంత నమ్మకంగా చెప్పలేను.

సముద్రాన్ని వదిలి లోపలికి వస్తే అసలు కష్టం మొదలవుతుంది. సోమశిల, కండలేరు జలాశయాల దగ్గర, కనిగిరి రిజర్వాయరు దగ్గర, పెద్ద చెరువుల గట్ల మీద నేను తీసిన ఫోటోల్లో చాలాకాలం ఒక తప్పు జరుగుతూ వచ్చింది: ఆవలి ఒడ్డును క్షితిజ రేఖగా భావించి దాన్ని అడ్డంగా నిలిపేవాడిని. నీరు మట్టమే కదా, నీటి అంచు కూడా మట్టంగానే కనిపించాలి కదా అన్నది నా తర్కం. అది ఎందుకు తప్పో చిన్న లెక్కతో చెబుతాను. మనం నీటికి 10 మీటర్ల ఎత్తున గట్టు మీద నిలబడ్డాం అనుకుందాం. ఆవలి ఒడ్డు మనకు ఎదురుగా అడ్డంగా కాక ఏటవాలుగా సాగుతోంది. ఫ్రేము ఎడమ చివర అది 500 మీటర్ల దూరంలో, కుడి చివర 2000 మీటర్ల దూరంలో ఉంది. దగ్గరి నీటి అంచును చూడడానికి చూపు ఎక్కువగా కిందికి దిగాలి, దూరపు అంచుకు తక్కువ దిగితే చాలు. ఎడమ చివర ఆ దిగుడు 1.15 డిగ్రీలు, కుడి చివర 0.3 డిగ్రీల లోపు. 60 డిగ్రీల వెడల్పును పట్టే లెన్స్‌తో తీస్తే, కెమెరా అణువంత కూడా ఒరగకపోయినా, ఆ ఒడ్డు ఫోటోలో దాదాపు ఒక డిగ్రీ వాలుతో కుడివైపుకు లేస్తూ కనిపిస్తుంది. ఇప్పుడు మనం ఆ ఒడ్డును అడ్డంగా నిలిపామంటే, కనబడని అసలు క్షితిజ రేఖను ఒక డిగ్రీ వంచినట్టు. ఫలితంగా గట్టు మీది చెట్లు, కరెంటు స్తంభాలు, తూముల దగ్గరి కట్టడాలు అన్నీ కొద్దిగా పక్కకు ఒరుగుతాయి.

ఈ లెక్కలోనే ఒక ఉపాయం కూడా ఉంది. వాలుకు కారణం మన ఎత్తు. గట్టు దిగి నీటి అంచుకు వచ్చి కెమెరాను 1.6 మీటర్ల ఎత్తుకు తెస్తే అదే ఒడ్డు వాలు ఆరో వంతుకు తగ్గిపోతుంది. మోకాలి ఎత్తుకు దింపితే దాదాపు మాయమవుతుంది. అప్పుడు పరికరం చెప్పే మట్టమూ కంటికి కనిపించే మట్టమూ ఒక్కటవుతాయి. ఇది తెలిసిన తరువాత జలాశయాల దగ్గర నేను గట్టు మీద నుంచి తీయడం బాగా తగ్గించాను. ఎత్తు నుంచి తీయక తప్పనప్పుడు, ఒడ్డుకు ఎదురుగా సూటిగా నిలబడగలిగే చోటు వెతుక్కుంటాను.

నిలిచిన నీటి దగ్గర మరో ఆధారం ఉంది, నాకు తెలిసిన ఆధారాలన్నిటిలో అందమైనది అదే. ఒక వస్తువు, నీటిలో దాని ప్రతిబింబం, ఈ రెండూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. స్తంభం ఒరిగి ఉండవచ్చు, తాటిచెట్టు సముద్రపు గాలికి వంగి ఉండవచ్చు. అయినా ఆ తాటి మొవ్వు నుంచి నీటిలోని దాని ప్రతిబింబపు మొవ్వుకు గీత గీస్తే ఆ గీత నిట్టనిలువు. మేస్త్రీ చేతిలోని తూకపు గుండు చేసే పనిని ఇక్కడ నీరు చేస్తుంది. కెమెరాను పైకో కిందికో వంచినప్పుడు ఫ్రేము అంచుల దగ్గర నిలువు గీతలు వాలుతాయి కాబట్టి, ఈ పరీక్షకు ఫ్రేము మధ్యలో ఉన్న వస్తువునే తీసుకోవాలి. తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ పక్కన, గాలి లేవకముందు, ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో చెప్పలేను. పులికాట్ వైపు కూడా అంతే. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వెళ్లే దారిలో, చలికాలంలో ఫ్లెమింగోలు లోతు లేని నీటిలో వరుసగా నిలబడి ఉంటాయి. ఆ వరుస ఎప్పుడూ ఏటవాలుగానే సాగుతుంది, అవతలి ఒడ్డు మరో వైపుకు సాగుతుంది, మబ్బుల బారులు ఇంకో వైపుకు. ఏ గీతను నమ్మాలో తెలియని ఆ చోట, మధ్యలో నిలబడిన ఒక పక్షి తలనూ నీటిలోని దాని తలనూ చూస్తే చాలు.

కొండల దగ్గర ఈ సాయం కూడా ఉండదు. ఉదయగిరి దుర్గం ఎక్కి చూసినా, కింద నుంచి వెలికొండల బారును చూసినా, శిఖరాల గీత ఒకవైపుకు దిగుతూనే ఉంటుంది. కన్ను ఆ వాలును కొంత సరిచేయాలని చూస్తుంది, చేయి కన్ను మాట వింటుంది. ఇలాంటి చోట నేను కంటిని పూర్తిగా పక్కన పెట్టి పరికరం చెప్పినదే పాటిస్తాను. కొండల గురించి నాకు ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇంటికి వచ్చి కంప్యూటర్లో సరిచేసే పనికి ఒక క్రమం ఉంది. ముందు లెన్స్ వంపు తీయాలి, తరువాతే వాలు. వైడ్ యాంగిల్ లెన్స్‌లు చాలావాటిలో ఫ్రేము పై భాగంలో పడిన క్షితిజ రేఖ మధ్యలో ఉబ్బి, చివర్లు కిందికి దిగినట్టు వస్తుంది. కింది భాగంలో పడితే మధ్యలో కుంగుతుంది. సరిగ్గా మధ్యలో పడితే తిన్నగా ఉంటుంది. కొందరు మిత్రులు దీన్ని భూమి గుండ్రదనం అనుకుని ఆనందిస్తారు కానీ, ఇసుక మీద నిలబడిన ఎత్తు నుంచి అది కంటికి కనిపించేది కాదు. ఆ ఉబ్బు లెన్స్‌దే. అది తీయకుండా వాలు కొలిస్తే, గీత ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించామన్నదాన్ని బట్టి ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తుంది. వంపు తీసిన తరువాత, నిటారు చేసే పరికరంతో క్షితిజ రేఖ ఒక చివర నుంచి రెండో చివర దాకా గీత లాగాలి. మధ్యలో కొంచెం మేర మాత్రమే లాగితే పొరపాటు పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తానే సరిచేసే బటన్ సముద్రం ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, ఏటవాలు ఒడ్డు ఉన్నప్పుడు మాత్రం నా పాత తప్పునే అది కూడా చేస్తుంది.

ఎలాగూ సరిచేయవచ్చు కదా, తీసేటప్పుడు ఇంత శ్రమ ఎందుకు అని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫోటోను ఒక డిగ్రీ తిప్పి, అదే నిష్పత్తిలో కత్తిరిస్తే విస్తీర్ణంలో 5 శాతం పోతుంది. రెండు డిగ్రీలకు దాదాపు 10 శాతం, మూడు డిగ్రీలకు 14 శాతం. పోయేది అంచుల్లోనే, కానీ అంచులోనే ఉంటాయి కొన్ని ముఖ్యమైనవి: ఫ్రేము కొసకు చేర్చి పెట్టుకున్న తెప్ప ముక్కు, ఇసుకలో ఎండ్రకాయ గీసిన గీతలు, నీటికి తాకీతాకని కొంగ రెక్క. చెల్లెలి పటాన్ని సరిచేసి మళ్లీ ప్రింటు వేయించినప్పుడు ఎడమవైపు వలలు సర్దుకుంటున్న మనిషి భుజం సగం తెగిపోయింది. ఆ ఫోటో తీయడానికి కారణమే ఆయన. కత్తిరించకుండా, తిరిగిన ఫోటో మూలల్లో ఏర్పడే ఖాళీలను కంప్యూటరే ఇసుకతో, నీటితో నింపే సదుపాయం ఉంది, నేను వాడను. మైపాడు తీరంలో లేని ఇసుకను మైపాడు తీరమని గోడకు తగిలించడం నాకు సమ్మతం కాదు.

కావాలనే వంచి తీసే ఫోటోల గురించి కూడా కొందరు అడిగారు. పెళ్లిళ్లలో, ఆటల్లో దానికి చోటు ఉండవచ్చు. నీరు ఉన్న దృశ్యంలో మాత్రం నేను ఒప్పుకోలేను.

ఒక్క ఫోటో విషయంలో మాత్రం ఈ పద్ధతులన్నీ వాడినా నాకు ఇంకా కుదరలేదు. కోవూరు వైపు గట్టు నుంచి పెన్న మీదుగా రంగనాథస్వామి ఆలయ గాలిగోపురాన్ని, దాని వెనుక నెల్లూరు ఊరిని ఒకే ఫ్రేములో తీయాలని మూడేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. నదీ తీరం నా నుంచి ఏటవాలుగా సాగిపోతుంది, ఇసుక మేటలు ఒక దిక్కుకు, నీటి పాయలు మరో దిక్కుకు వాలుతాయి. గోపురం గోడలు పైకి పోయే కొద్దీ లోపలికి వంగుతాయి కాబట్టి వాటి అంచులను నిలువుకు ఆధారంగా తీసుకోవడానికి లేదు; రెండు అంచులకూ మధ్య గీతను ఊహించుకోవాలి. పరికరం ప్రకారం మట్టంగా తీసిన ఫోటోను చూసినవారందరూ ఎడమకు ఒరిగిందన్నారు. వారికి నచ్చేలా తిప్పితే గోపురం కుడికి ఒరిగింది. నిజాన్ని వంచడం కంటే నేను నిలబడే చోటును మార్చుకోవడమే మంచిదని, గట్టు వెంబడి కొంత కొంత దూరం జరుగుతూ, ఒక్కో చోట నేల దాకా కెమెరాను దింపుతూ చూస్తున్నాను. ఎండాకాలంలో అక్కడ ఉండేది ఎక్కువగా ఇసుకే. ఈసారి వానలు పడి, సోమశిల నుంచి నీరు వదిలి, ఆ ఉరవడి తగ్గి, పాయలన్నీ కలిసి నీరు కదలకుండా నిలిచే ఒక ఉదయం దొరికితే, కలశాలూ నీటిలో వాటి ప్రతిబింబాలూ ఒకే గీత మీదికి వస్తాయి. చోటు గుర్తు కోసం ఆ గట్టు మీద ఉన్న ఒక తుమ్మచెట్టు దగ్గర మూడు రాళ్లు పేర్చి వచ్చాను.